పనస ముదురుతుంది, పెయింటు ముదరదు

అందరికీ నమస్కారం. వేదిక మీద పెద్దల పేర్లన్నీ చెప్పాలి గానీ ఇప్పటికే ముగ్గురు చెప్పేశారు, మళ్ళీ నేను మొదలుపెడితే కాఫీ చల్లారిపోద్ది. 'సినిమా సెట్లు, నా అనుభవాలు' అని మాట్లాడమన్నారు, నాలుగు పేజీలు రాసుకొచ్చాను కూడా. కానీ ఇందాక పాప వీణ వాయిస్తుంటే నా పక్కన కూర్చున్నాయన కళ్ళు మూసుకుని "పనస చెక్క వీణ నాదమే వేరండీ" అన్నారు. అంతే, కాగితాలు జేబులోనే ఉండిపోయినై. ఎందుకో చివర్లో చెప్తా.

నేను తెనాలి నుంచి 1974లో మద్రాసు వచ్చా. ఇక్కడే వడపళనిలో, వాహినీ స్టూడియోలో, ఇంకా బోలెడు ఫ్లోర్లలో ప్లైవుడ్‌కి టేకు రంగేయడం నా పని. జమీందారు గారి గుమ్మం అని మీరు చూసినవి చాలావరకు తడితే డొల్ల.

పని ఎలాగంటే, ముందు పుట్టీ, ఉప్పు కాగితం, ఆ మీద లేత గోధుమరంగు కోటింగు. అది బాగా ఎండాక బర్న్ట్ అంబర్ అనే ముదురు గోధుమరంగుని లిన్సీడ్ ఆయిల్, టర్పెంటైన్‌లో పల్చగా కలిపి పూసి, తడి ఆరకముందే దువ్వెనతో లాగాలి. దువ్వెనంటే తల దువ్వుకునేది కాదండోయ్, పాత సైకిల్ ట్యూబు ముక్కకి బ్లేడుతో పళ్ళు కోసుకునేవాళ్ళం. చెయ్యి కాస్త వణికితేనే చార బాగా వచ్చేది, స్కేలు పెట్టినట్టు గీశామో దొరికిపోతాం.

వీణ ఇంకా కష్టం. కుర్రాళ్ళు కుండ, అంటే వీణ గుండ్రటి బుర్ర, చుట్టూ పీపాకి పట్టీలేసినట్టు గీసేస్తారు. దుంగని తొలిచిన కుండ మీద చారలు అలా పోవు, ఎండాకాలం చెరువు ఇంకేకొద్దీ గట్టు మీద మరకలు పడతాయి చూడండి, అలా వంపులు వంపులుగా దిగుతాయి. దండి, అంటే పొడుగు మెడ, మీదకొచ్చేసరికి నిలువుగా సాగాలి. పైపలక మీద మాత్రం చెయ్యి తేలిగ్గా ఉండాలి, అది కదిలితేనే నాదం, పెయింటు దట్టిస్తే గొంతు పట్టేసినట్టే.

ఇదేదో కోడంబాకం సినిమావాళ్ళ కనికట్టు అనుకోకండి. బెల్జియంలోని ఆంట్వెర్ప్‌లో రుకర్స్ అనే కుటుంబం సుమారు 400 ఏళ్ళ కిందటే పియానోలాంటి హార్ప్సికార్డు వాయిద్యం మూత లోపల చెక్క చారలు అచ్చేసిన కాగితం అంటించేవాళ్ళు. అమెరికాలో 1930ల ప్రాంతంలో అల్యూమినియంతో డబుల్ బేస్‌లు, అంటే మనిషంత ఎత్తు వయోలిన్‌లాంటివి, చేసి పైన చెక్క రంగేశారు. 1990ల్లో ఫెండర్ కంపెనీ గిటార్ల మీద మేపుల్ చెక్క చారల ఫోటో ప్రింటు వేసి, దానికి 'ఫోటో ఫ్లేమ్' అని పేరు పెట్టారు. పేర్లోనే ఫోటో అని చెప్పేశారు చూశారా, నాకది నచ్చింది.

మేం చెప్పలేదు. నేను చెప్పలేదు.

సినిమావాళ్ళు హైదరాబాదు వెళ్ళిపోయాక పని తగ్గిపోయి ఒక వాయిద్యాల షాపుకి రంగులేశా. షాపు పేరు వద్దులెండి. వీణని ముక్కలుగా చేసి అతకడం తప్పేం కాదు, తంజావూరులో కూడా చేస్తారు. కానీ ఏకాండి, అంటే ఒకే దుంగలో తొలిచింది, బొబ్బిలి వాళ్ళకి పేరొచ్చిన రకం, దానికి రేటు వేరు. ఓనరు నాకిచ్చిందేమో అతుకుల వీణ, కొంత చెక్క అసలు పనసే కాదు. అతుకు కనపడకూడదన్నాడు. కనపడకుండా చేశా, సరిగ్గా అతుకు మీద చెక్కకుండే ముడి లాంటిది ఒకటి చిన్నది రంగుతో వేశా, ఇప్పటికీ చెప్పుకోవాలంటే ఆ ముడి బ్రహ్మాండంగా వచ్చింది.

కూలి డబ్బుల కోసం వెళ్తే నెల్లూరు నుంచి ఒకావిడ, పదేళ్ళ పిల్లని వెంటేసుకుని ఆ వీణ ముందే నిలబడి ఉంది. ఓనరు "ఏకాండమ్మా, బొబ్బిలి పనస" అంటున్నాడు. ఆవిడ నా రంగు చేతులు చూసి షాపు మనిషి అనుకుందేమో, "అన్నా, మంచిదేనా?" అంది.

"చాలా మంచిదమ్మా" అన్నా.

తొమ్మిదేళ్ళ తర్వాత తీగ బిగించే బిరడ మార్పించుకోడానికి మళ్ళీ అదే షాపులో కనపడింది. నన్ను గుర్తుపట్టింది! పనస కోసినప్పుడు పచ్చగా ఉండి పోను పోను ముదురు రంగుకొస్తుంది, మీకు తెలుసుగా. ఆవిడేమందంటే, "మా మాస్టారి వీణ కాఫీ రంగు తిరిగిపోయిందన్నా, మాది చూడు, కొన్నరోజు ఎలా ఉందో అలాగే ఉంది, అంత జాగ్రత్తగా చూసుకుంటున్నాం."

తిట్టినా బాగుండేది. ఏం చెప్పమంటారు? అక్కడ కూడా నోరు పెగల్లేదు.

ఇప్పుడు ఈ పక్కనున్న అయ్యగారు నన్ను క్షమించాలి, మీ చెవిని తక్కువ చేయట్లేదు, నాదం నిజంగానే బాగుంది. ఆ వీణ ఫైబరండీ. పోయిన దసరాకి రంగేసింది నేనే. పాపా, ఇలా రామ్మా. జాగ్రత్త, వీణ మెట్ల మైనానికి చెయ్యి తగలనీకు. కుండ పైకొచ్చేలా తిప్పు. అదిగో, చారలు ఆగిపోయిన చోట చిన్న అక్షరాలున్నాయి, చదువు. ఊహూ, మైకు దగ్గరికొచ్చి చదువు, వెనక వరసకి వినపడట్లేదు.