పసిబిడ్డ ఉన్న ఇంట్లో ఉద్యోగం ఎవరు మానాలి?

(హైదరాబాద్ స్టూడియోలో జరిగిన చర్చకు అక్షరరూపం. పాల్గొన్నవారు: పిల్లల వైద్యురాలు, కార్మిక చట్టాల న్యాయవాది, ఆరేళ్ల విరామం తర్వాత మళ్లీ ఉద్యోగంలో చేరిన ఒక తల్లి, కూతురి కోసం ఉద్యోగం మానేసిన ఒక తండ్రి.)

సమన్వయకర్త: అందరికీ నమస్కారం. ఇద్దరూ ఉద్యోగాలు కొనసాగించాలా, ఒకరు మానేసి బిడ్డ దగ్గర ఉండాలా అన్న ప్రశ్న ప్రసూతి సెలవు ముగిసే నెలలో ఉద్యోగస్తుల ఇళ్లన్నింట్లోనూ తలెత్తుతుంది. అయితే ‘ఇద్దరిలో ఎవరు?’ అని అడిగేవాళ్లు తక్కువ, ‘ఆమె మానేస్తుందా?’ అని అడిగేవాళ్లే ఎక్కువ. ఈ రెండు ప్రశ్నలూ ఒకటి కావని నా నమ్మకం. అమ్మా, మీ ఇంట్లో ఆ నిర్ణయం ఎలా జరిగిందో ముందుగా చెప్పండి.

తల్లి: చాలా ఇళ్లలో ఎలా జరుగుతుందో మా ఇంట్లోనూ అలాగే జరిగిందండి. నా జీతంలోంచి డేకేర్ ఫీజు, క్యాబ్ ఖర్చు, వంటమనిషి జీతం తీసేసి, మిగిలేదెంతో ఒక కాగితం మీద రాశారు. మిగిలింది కొద్దిగానే ఉంది. ‘ఈ మాత్రం డబ్బు కోసం పసివాణ్ణి ఎవరి చేతుల్లోనో పెట్టడం ఎందుకమ్మా’ అని మా అత్తగారు అన్నారు, మా అమ్మ కూడా అదే మాట అన్నది. ఆ ఖర్చులన్నీ నా ఒక్కదాని జీతం కిందనే ఎందుకు రాయాలన్న ప్రశ్న ఎవరి నోటా రాలేదు. బిడ్డ ఇద్దరికీ పుట్టినప్పుడు డేకేర్ ఫీజు ఇద్దరి జీతాల్లోంచీ పోవాలి కదా! అలా రాసి ఉంటే నా ఉద్యోగం ‘దండగ’గా కనిపించేది కాదు.

న్యాయవాది: ఆ కాగితం మీద ఈ నెల లెక్క మాత్రమే ఉంటుంది, రాబోయే పాతికేళ్ల లెక్క ఉండదు. ఉదాహరణకు ఉద్యోగుల పింఛను పథకంలో పింఛనుకు అర్హత రావాలంటే పదేళ్ల సర్వీసు కావాలి. సర్వీసులో ఎనిమిదో ఏట ఉద్యోగం మానేసిన ఆమె ఆ పథకంలో జమైన డబ్బు వెనక్కి తీసేసుకుంటే ఆ సర్వీసు అక్కడితో పోయినట్టే. తీసుకోకుండా స్కీమ్ సర్టిఫికెట్ (అప్పటివరకూ చేసిన సర్వీసును చూపే పత్రం) పొందితే, తర్వాత ఎప్పుడు ఉద్యోగంలో చేరినా పాత ఏళ్లు కొత్త ఏళ్లకు కలుస్తాయి. ఈ సంగతి తెలిసినవాళ్లు బహు తక్కువ. గ్రాట్యుటీ, అంటే అయిదేళ్ల సర్వీసు నిండినవాళ్లకు మానేటప్పుడు సంస్థ ఇచ్చే మొత్తం విషయంలో ప్రసూతి సెలవు 26 వారాల వరకూ సర్వీసు కిందికే వస్తుంది కాబట్టి, అయిదేళ్లకు కొద్ది నెలల దూరంలో ఉన్నవాళ్లు రాజీనామా తేదీని ఆచితూచి నిర్ణయించుకోవాలి.

సమన్వయకర్త: మీ ఇంట్లో మానేసింది మీరు. అది అరుదైన సంగతి కాబట్టి కొంచెం వివరంగా అడుగుతున్నాను.

తండ్రి: మా ఆవిడ జీతం నా జీతం కంటే ఎక్కువ, ఆమె ఉద్యోగంలో ముందుకు వెళ్లే దారీ ఎక్కువే. లెక్క ప్రకారం చూస్తే మా ఇంట్లో చర్చకు చోటే లేదు. అయినా నేను మానేస్తానని చెప్పినప్పుడు రెండు వైపుల పెద్దలూ నెల రోజుల పాటు నాతో సరిగా మాట్లాడలేదు. పాపకు రాగిజావ జారుగా కాయడం, పళ్లు వచ్చే రోజుల్లో రాత్రంతా భుజాన వేసుకుని తిప్పడం నేను త్వరగానే నేర్చుకున్నాను. నిజంగా కష్టపెట్టింది బయటి ప్రపంచం. టీకా వేయించడానికి తీసుకెళితే, పాప నా ఒళ్లోనే ఉన్నా, ‘తల్లి రాలేదా?’ అని అడిగేవారు. ప్లేస్కూల్ వాట్సాప్ గ్రూపు పేరు ‘మదర్స్ గ్రూప్’. అందులో నన్ను చేర్చుకోవాలా వద్దా అని వాళ్లు కొన్నాళ్లు ఆలోచించారు. ఇంట్లో ఉండే తల్లికి పక్క ఫ్లాటులో తోడు దొరుకుతుంది, తండ్రికి అదీ దొరకదు. మగవాళ్లు ముందుకు రారని అనే ముందు ఈ ఒంటరితనాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలని కోరుతున్నాను.

సమన్వయకర్త: డాక్టరుగారూ, అందరూ మీ నోటి నుంచి వినాలనుకునే ప్రశ్న ఇది. తల్లి ఉద్యోగానికి వెళితే బిడ్డకు నష్టమా?

వైద్యురాలు: మొదటి ఆరు నెలల సంగతి వేరుగా చూడాలి. అప్పటివరకూ తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా అవసరం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, మన చట్టంలోని 26 వారాల సెలవు సుమారుగా ఆ కాలానికి సరిపోతుంది. ఆ తర్వాత బిడ్డకు కావలసింది తను ఏడిస్తే పలికే మనిషి, తను చూపించినదాన్ని చూసి మాట్లాడే మనిషి, తరచూ మారిపోని మనిషి. అది తల్లి కావచ్చు, తండ్రి కావచ్చు, అమ్మమ్మ కావచ్చు, మంచి డేకేర్‌లో ఆయా కావచ్చు. అమెరికాలో 1991లో మొదలుపెట్టి వెయ్యి మందికి పైగా పిల్లలను పుట్టినప్పటి నుంచి ఏళ్ల తరబడి గమనించిన పెద్ద అధ్యయనం ఒకటి ఉంది. బిడ్డ ఎక్కడ పెరిగాడన్నదాని కంటే ఇంట్లో తల్లిదండ్రులు వాడితో ఎలా మెలిగారన్నదే ఎదుగుదలను ఎక్కువగా ప్రభావితం చేసిందని అందులో తేలింది. డేకేర్ నాణ్యత బాగుంటే భాష, తెలివితేటలు కొంత మెరుగ్గా ఉన్నాయనీ, మరీ ఎక్కువ గంటలు అక్కడే గడిపిన పిల్లల్లో మొండితనం కాస్త ఎక్కువగా కనిపించిందనీ కూడా అందులోనే ఉంది. ఈ రెండో మాటను దాచి మొదటి మాట మాత్రమే చెప్పడం నాకిష్టం లేదు. అందుకే వీలైతే మొదటి ఏడాది ఇద్దరిలో ఒకరు ఇంట్లో ఉంటే మంచిదని నేను సలహా ఇస్తాను.

తల్లి: డాక్టరుగారూ, క్షమించాలి, ఆ ‘వీలైతే’ దగ్గరే నా అభ్యంతరం. మీరు ‘ఇద్దరిలో ఒకరు’ అని ఎంత స్పష్టంగా చెప్పినా, ఇంటికి చేరేసరికి అది ‘డాక్టరుగారు నిన్ను ఉండమన్నారు’ అయిపోతుంది. ఆ ఏడాది గడిచాక ‘స్కూల్లో వేసేదాకా ఉండు’ అంటారు, ఆ తర్వాత ‘రెండోవాడు కూడా పుట్టనీ’ అంటారు. ఒక్క ఏడాది అనుకున్న నా విరామం ఆరేళ్లు అయింది ఇలాగే.

వైద్యురాలు: మీరన్నది కాదనలేను. అందుకే నా దగ్గరకు వచ్చేవాళ్లలో భర్తను కూడా లోపలికి పిలిచి ఇద్దరికీ కలిపి చెబుతాను. ఆయన బయట కుర్చీలో ఫోను చూసుకుంటూ కూర్చుంటే నా సలహా సగమే చేరుతుంది.

సమన్వయకర్త: ఇంటి లోపలి సంగతి ఇలా ఉంది. చట్టం ఏమేరకు ఆదుకుంటోంది?

న్యాయవాది: 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టాన్ని 2017లో సవరించినప్పుడు సెలవును 12 వారాల నుంచి 26కు పెంచారు, దానితో పాటు 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ పిల్లల సంరక్షణ కేంద్రం ఏర్పాటు చేయాలనీ, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసిరావచ్చనీ రాశారు. ఇందులో నాకు నచ్చిన అంశం ఒకటుంది. పాత ఫ్యాక్టరీల చట్టం 30 మందికి మించి మహిళా కార్మికులుంటేనే కేంద్రం పెట్టమన్నది, నిర్మాణ కార్మికుల చట్టం 50 మందికి మించి మహిళలుండాలన్నది. ఆడవాళ్లను మాత్రమే లెక్కపెడితే ఆ సంఖ్య దాటకుండా చూసుకునే యజమానులు పుట్టుకొస్తారు, బిడ్డ బాధ్యత తల్లిదేనని చట్టమే చెప్పినట్టూ అవుతుంది. 2017 సవరణలో లెక్క ఉద్యోగులందరిదీ. కానీ ప్రైవేటు రంగంలో తండ్రికి చట్టబద్ధమైన సెలవు నేటికీ లేదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి 15 రోజులున్నాయి. అదే కేంద్ర సర్వీసులో తల్లికి పిల్లల సంరక్షణ కోసం మొత్తం సర్వీసులో 730 రోజులు ఇస్తారు, తండ్రికి మాత్రం ఒంటరిగా బిడ్డను పెంచుతుంటేనే ఇస్తారు.

ఇంకొక మాట చెప్పకపోతే ఈ చర్చ అసంపూర్ణం. ‘మానాలా, వెళ్లాలా’ అని ఆలోచించుకునే వీలు కూడా లేని తల్లులు మన చుట్టూ ఎంతోమంది ఉన్నారు. కూకట్‌పల్లిలో అపార్ట్‌మెంటు కట్టేచోట ఇనుప ఊచలకు చీర కట్టి ఉయ్యాల వేసి, ఇటుకలు మోస్తూ మధ్యమధ్య వచ్చి బిడ్డను చూసుకునే కూలీ తల్లికి ఏ 26 వారాలూ ఆచరణలో అందవు. అంగన్‌వాడీ 1975 నుంచీ ఉన్నా అది రోజంతా పసివాళ్లను పెట్టుకునే చోటు కాదు. అంగన్‌వాడీలోనే సంరక్షణ కేంద్రం నడిపే ‘పాల్నా’ పథకం ప్రతి వాడకూ రావాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

తండ్రి: ఇంట్లో ఉండేవాళ్ల పని గురించి కోర్టులు కూడా మాట్లాడాయని విన్నాను.

న్యాయవాది: అవును. రోడ్డు ప్రమాదంలో చనిపోయిన గృహిణికి నష్టపరిహారం లెక్కకట్టే సందర్భంలో, 2021 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన కీర్తి కేసు తీర్పులో, మన తెలుగువారైన జస్టిస్ ఎన్.వి. రమణ విడిగా రాసిన అభిప్రాయం ఉంది. ఇంటిపనికి జీతం లేదు కాబట్టి విలువ లేదనే ఆలోచనను ఆయన తోసిపుచ్చారు. 2019 కాల వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారని అందులో ప్రస్తావించారు. 2024 సర్వేలో అవి 289, 88 అయ్యాయి. బతికుండగా ఆ పనికి విలువ కట్టని మనం, చనిపోయాక కోర్టులో కట్టించుకుంటున్నాం.

తల్లి: అమ్మమ్మల సంగతి కూడా చెప్పాలండి. మా అమ్మ ఆరు నెలలు, మా అత్తగారు ఆరు నెలలు అని వంతులు వేసుకునే ఇళ్లు మా అపార్ట్‌మెంటులో చాలా ఉన్నాయి. మోకాళ్ల నొప్పులతో, ఊళ్లో ఇల్లు తాళం వేసి, భర్తను వంటకు వదిలేసి వచ్చిన ఆవిడను ‘మీకేం పని, మనవడితో ఆడుకోవడమేగా’ అంటే నాకు బాధేస్తుంది. వాళ్లను కూడా అడిగి నిర్ణయించాలి.

సమన్వయకర్త: గుంటూరు నుంచి ఒక సోదరి ఫోనులో ఉన్నారు. చెప్పండమ్మా.

ఫోనులో శ్రోత: నమస్కారమండి. నేను ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతాను. బాబుకు ఏడో నెల. మావారు బ్యాంకులో పనిచేస్తారు, జీతం నాకు రెట్టింపు. సెమిస్టర్ మొదలవుతోంది, రాజీనామా రాసి పెట్టుకున్నాను, ఇవ్వాలా వద్దా తెలియడం లేదు.

సమన్వయకర్త: మీవారితో కూడా ఒక మాట మాట్లాడవచ్చా?

శ్రోత: ఆయన ఇంకా రాలేదండి. రోజూ ఎనిమిదవుతుంది.

తండ్రి: చెల్లెమ్మా, మీవారిని జీతం గురించి కాకుండా సమయం గురించి ముందు అడగండి. వారంలో ఏ రెండు రోజులు ఆరింటికల్లా ఇంటికి రాగలరు, బాబుకు జ్వరం వస్తే మొదటి సెలవు ఎవరు పెడతారు, ఈ రెండూ తేలితే మీరు పనిచేయగలరో లేదో చాలావరకూ తెలిసిపోతుంది. జ్వరం వచ్చిన పిల్లలను డేకేర్‌లో ఉంచుకోరు, మొదటి ఏడాదిలో జలుబు జ్వరాలు తరచూ వస్తాయి. ఉద్యోగాలు ఎక్కువగా పోయేది ఆ రోజుల్లోనే.

తల్లి: మానాలనే అనుకుంటే ఎప్పటివరకో తేదీ రాసుకోండి. ఆ తేదీకి మళ్లీ ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాలని ఇప్పుడే ఒప్పందం చేసుకోండి. ఈలోగా వారానికి ఒక్క క్లాసైనా, ఆన్‌లైన్‌లోనైనా సరే, చెబుతూ ఉండండి. ఆరేళ్ల తర్వాత ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు నన్ను మొదట అడిగింది ‘ఈమధ్య ఏం చేశారు?’ అనే.

న్యాయవాది: రాజీనామా ఇచ్చేముందు జీతం లేని సెలవు కోరుతూ రాతపూర్వకంగా అర్జీ పెట్టండి, కాదంటే కాదని రాసి ఇమ్మనండి. బాబుకు పదిహేను నెలలు వచ్చేదాకా పనివేళల్లో పాలివ్వడానికి రోజుకు రెండు విరామాలు మీ హక్కు, కాలేజీ దగ్గరలో ఇల్లు ఉంటే అవి బాగా అక్కరకొస్తాయి. మీ కాలేజీలో 50 మంది సిబ్బంది తప్పకుండా ఉంటారు కాబట్టి సంరక్షణ కేంద్రం గురించి మీరొక్కరే కాకుండా సహోద్యోగులతో కలిసి అడగండి. ఒకవేళ మానేయక తప్పకపోతే అనుభవ ధ్రువపత్రం చేతికి తీసుకున్నాకే బయటికి రండి. పీఎఫ్ డబ్బు మాత్రం ముట్టుకోకండి.