గడ్డి కోసే బండి పొగ కొడుతుంటే

శ్రోతలందరికీ నమస్కారం. ఈరోజు మాట్లాడుకునేది ఎక్కి కూర్చుని నడిపే గడ్డి కోసే బండి గురించి, అదే రైడింగ్ మోవర్. గడ్డి కోస్తుంటే వెనకాల నీలం పొగ, నాలుగుసార్లు కోసేసరికి ఆయిల్ కింది మార్కుకి దిగిపోతుంది, ఎవరికి చూపించినా ఒకటే మాట, పిస్టన్ రింగులు పోయాయండీ ఇంజన్ మార్చేయాల్సిందే అని. నా బండికీ అదే చెప్పారు, నేను నమ్మేసి కొత్త ఇంజన్ కోసం వెతకడం కూడా మొదలుపెట్టాను. తీరా విప్పి చూస్తే పిస్టన్ చుట్టూ ఉండి ఆయిల్ పైకి రాకుండా ఆపే ఆ రింగులు బాగానే ఉన్నాయి, పోయింది హెడ్ గాస్కెట్, అంటే సిలిండర్‌కీ దాని మీది మూతకీ (హెడ్‌కీ) మధ్య ఉండే పలచటి రేకు. అందుకే పొగ కనపడగానే ఇంజన్ మీద ఆశ వదిలేసుకోవద్దని చెప్పడానికి వచ్చాను.

ముందు పొగ రంగు చూడండి. నల్లగా వస్తుంటే అది ఆయిల్ కాదు, పెట్రోల్ ఎక్కువవుతోంది, ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయిందో చోక్ ఇరుక్కుందో చూసుకోవాలి. నీలంగా వచ్చి మాడిన నూనె వాసన కొడితే ఆయిలే.

అప్పుడు మొదటి పని డిప్‌స్టిక్, అదే ఆయిల్ ఎంతుందో చూపే కడ్డీ. బండిని చదునుగా ఉన్నచోట పెట్టి, ఇంజన్ చల్లారాక తీసి తుడిచి మళ్లీ పెట్టి చూడాలి. కొన్నిటికి మూత బిగించి చూడాలి, కొన్నిటికి ఊరికే ఆనించి చూడాలి, ఏది ఎలాగో మాన్యువల్‌లో ఉంటుంది, ఇక్కడే పొరపాటు పడి ఎక్కువ పోసేస్తుంటారు, ఆ ఎక్కువైన ఆయిల్, ఇంజన్ లోపలి గాలి బయటికెళ్లే బ్రీదర్ గొట్టంలోంచి కార్బొరేటర్ వైపు వెళ్లి ఇంజన్‌లో కాలుతుంది. ఫుల్ మార్కు దాటితే తీసేయండి, చాలాసార్లు రోగం అక్కడే కుదురుతుంది.

మరి మీరు పోయకుండానే లెవెల్ పెరిగిందనుకోండి, డిప్‌స్టిక్ వాసన చూడండి. పెట్రోల్ వాసన వస్తూ ఆయిల్ వేళ్ల మధ్య నీళ్లలా జారిపోతుంటే కార్బొరేటర్‌లో పెట్రోల్‌ని ఆపే ఫ్లోట్ నీడిల్ సరిగ్గా మూసుకోవట్లేదన్నమాట, బండి ఆగి ఉన్నప్పుడు కూడా ట్యాంకులో పెట్రోల్ మెల్లగా సిలిండర్‌లోకి, అక్కణ్ణించి రింగుల సందుల్లోంచి ఆయిల్‌లోకి దిగుతోంది. దయచేసి అలా స్టార్ట్ చేయొద్దు. పలచబడ్డ ఆయిల్ బేరింగుల్ని కాపాడలేదు, పైగా లోపలంతా పెట్రోల్ ఆవిరి, అంటుకునే ప్రమాదం ఉంది. నీడిల్ బాగుచేయించి, ఆయిల్ మొత్తం మార్చి, అప్పుడు తిప్పండి.

బ్లేడు శుభ్రం చేయడానికి బండిని పైకెత్తి దించాక వచ్చే పొగ కాసేపటికి అదే పోతుంది, దానికి కంగారు పడక్కర్లేదు. రాత్రంతా ఆగాక స్టార్ట్ చేయగానే ఒక్కసారి గుప్పుమని తర్వాత ఆగిపోతే వాల్వ్ గైడ్ల మీద, అంటే వాల్వ్‌లు పైకీ కిందికీ జారే గొట్టాల మీద అనుమానం. ఎత్తు గడ్డిలో లోడు పడిన కొద్దీ పెరుగుతుంటే రింగుల మీద, లేదా గాస్కెట్ మీద.

ఈ గాస్కెట్ సంగతి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే చాలామంది దీన్నే వదిలేస్తారు. ఓవర్‌హెడ్ వాల్వ్ ఇంజన్‌లో, అంటే వాల్వ్‌లు పైన హెడ్‌లో ఉండే దాంట్లో, సిలిండర్ పక్కనే వాల్వ్‌లని తెరిచే పుష్‌రాడ్లు వెళ్లే ఖాళీ ఉంటుంది, రెండిటి మధ్యా గాస్కెట్ సన్నటి పట్టీలా అడ్డం ఉంటుంది. ఆ పట్టీ కాలి తెగితే సిలిండర్‌లోని ప్రెషర్ అంతా కిందనున్న ఆయిల్ దగ్గరికి తన్నుకొస్తుంది, అంత గాలి బ్రీదర్ తట్టుకోలేక ఆయిల్ తుంపర్లతో సహా ఇన్‌టేక్‌లోకి నెట్టేస్తుంది. బయట ఒక్క చుక్క లీకు కనపడదు. నా గాస్కెట్ సరిగ్గా అక్కడే అగ్గిపుల్ల మందాన తెగి ఉంది, ఆ చీలిక పొడవునా మసి గీత.

విప్పకముందే తెలుసుకోవాలంటే లీక్‌డౌన్ టెస్ట్, అంటే సిలిండర్‌లోకి గాలి పెట్టి అది ఎటు కారుతోందో చూడటం, మంచిది. మామూలు కంప్రెషన్ గేజ్‌ని నమ్మలేం, ఈ ఇంజన్లలో స్టార్టింగ్ తేలిగ్గా అవడానికి కంప్రెషన్ తగ్గించే ఏర్పాటు ఉంటుంది కాబట్టి బాగున్న ఇంజన్ కూడా తక్కువ చూపిస్తుంది. పిస్టన్‌ని కంప్రెషన్ స్ట్రోక్‌లో పూర్తిగా పైకి తెచ్చి, క్రాంక్ తిరక్కుండా గట్టిగా పట్టుకునే ఏర్పాటు చేసి, ప్లగ్ రంధ్రంలోంచి గాలి పెట్టి చెవి పెట్టి వినాలి. సైలెన్సర్‌లో బుస్సుమంటే ఎగ్జాస్ట్ వాల్వ్, కార్బొరేటర్‌లో అయితే ఇన్‌టేక్ వాల్వ్, ఆయిల్ పోసేచోట అయితే రింగులు లేదా గాస్కెట్. అప్పుడు ప్లగ్ రంధ్రంలో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్లీ చూడండి, చప్పుడు బాగా తగ్గితే రింగులు, తగ్గకపోతే గాస్కెట్ మీదే అనుమానం పెంచుకోండి. రెండు సిలిండర్ల ఇంజనైతే రెండు ప్లగ్గులూ తీసి పక్కపక్కన పెట్టండి, ఏది తడిగా నల్లగా ఉందో ఆ వైపే చూడాలి.

ఆయిల్ రకం కూడా చూసుకోవాలి, గాలితో చల్లబడే ఈ ఇంజన్లు ఎండల్లో, 27 డిగ్రీలు దాటితే, 10డబ్ల్యూ-30 అనే గ్రేడు ఆయిల్‌ని కాస్త ఎక్కువ తాగొచ్చు.

గాస్కెట్ మారిస్తే హెడ్ బోల్టులు మాన్యువల్ చెప్పిన వరసలోనే, టార్క్ రెంచ్‌తోనే బిగించండి, వాల్వ్ గ్యాప్ కూడా సరిచేయండి. నేను అన్నీ చేసి స్టార్ట్ చేస్తే మళ్లీ పొగే, నా ప్రాణం ఉసూరుమంది. కానీ అది సైలెన్సర్‌లో పాత ఆయిల్ మిగిలి ఉండి కాలడం, కాసేపు ఆరుబయట ఆడనిస్తే పలచబడి పలచబడి ఆగిపోయింది. కాబట్టి బాగుచేశాక వెంటనే పొగ కనపడిందని మళ్లీ విప్పకండి, సైలెన్సర్ ఆరేదాకా నడిపి, అప్పుడు చూడండి. నమస్కారం.