గట్టు పైన కుంగిందా? ముందు పాదం చూడండి

నమస్కారమండీ. రేవుని అలల నుంచి కాసే రాళ్ల గట్టు (బ్రేక్‌వాటర్) మీద ఒకచోట రాళ్లు కుంగి గుంట పడిందనుకోండి. చూడగానే నాలుగు లారీల రాయి తెచ్చి పోసేద్దాం అనిపిస్తుంది. ఆగండి. అలా పోస్తే వచ్చే తుఫానుకి ఆ రాయీ కిందికే పోతుంది.

ఎందుకో తెలియాలంటే గట్టుని అడ్డంగా కోసినట్టు ఊహించుకుందాం. నడిమధ్యలో క్వారీ నుంచి వచ్చిన చిన్నా పెద్దా కలిసిన రాయి, దీన్ని కోర్ అంటారు. దాని మీద మధ్యరకం రాళ్లు. అన్నిటికంటే పైన, అలల దెబ్బ కాసేవి పెద్ద బండలు, లేదా టెట్రాపాడ్‌లు (నాలుగు కాళ్ల కాంక్రీటు దిమ్మెలు), రెండు వరసలు. మధ్య పొర రాయి పైరాయి బరువులో సుమారు పదో వంతు ఉండాలి. మరీ చిన్నదైతే సందుల్లోంచి అల లాగేసుకుంటుంది. ఇక సముద్రం వైపు అడుగున ఉన్నది పాదం. సైట్‌లో అందరూ ‘టో’ అంటారు. పైరాళ్లన్నీ దాన్నే ఆనుకుని నిలబడతాయి. అలలు దాని ముందున్న ఇసుకని కోసేస్తే పాదం జారుతుంది, వెనకే పైవి జారతాయి. పైన గుంట కనపడేసరికి కింద చాలా జరిగిపోయి ఉంటుంది.

కాబట్టి ముందు డైవర్లని దింపండి, వీలైతే సోనార్ (శబ్దంతో నీటి అడుగుని చూసే పరికరం) సర్వే చేయించండి. పాదం సరిచేశాకే పైకి రండి.

రాయి సైజు దగ్గర చాలామంది పప్పులో కాలేస్తారు. ఎంత బరువు రాయి కావాలో లెక్కకట్టే హడ్సన్ ఫార్ములాలో అల ఎత్తుని ఘనం చేస్తాం. వాలు ఒకటికి రెండు (మీటరు ఎత్తుకి రెండు మీటర్ల అడ్డం), గరుకు క్వారీ రాయి అనుకోండి. తీరం దగ్గర విరిగే 3 మీటర్ల అలకి సుమారు 4.5 టన్నుల రాయి చాలు. అదే 4 మీటర్లయితే పదిన్నర టన్నులు! పెరిగింది ఒక్క మీటరే. అందుకే దొరికిన చిన్నరాయితో సరిపెట్టడం ఉత్త దండగ.

సందుల్లో కాంక్రీటు పోసి ‘గట్టిగా’ చేయొద్దు. అల బలం విరిగేది ఆ ఖాళీల్లోనే. విరిగిన టెట్రాపాడ్‌లని లెక్కపెట్టి మార్చండి. వీటిలో మామూలుగా ఇనుము ఉండదు, ఊగిసలాడితే కాలు విరుగుతుంది. పోర్చుగల్‌లోని సీనిష్ రేవులో 1978 ఫిబ్రవరి తుఫానుకి 42 టన్నుల డోలోస్ (ఇదీ అలల్ని కాసే కాంక్రీటు దిమ్మే) దిమ్మెలే వేలల్లో పోయాయి. క్రేన్‌తో పైనుంచి వదిలేయకుండా నెమ్మదిగా ఆనించి పెట్టండి.

జెట్టీ సంగతి వేరు. అక్కడ పైల్స్ (నేలలోకి దింపిన స్తంభాలు) మీద నీళ్లు ఎగిరిపడే మేర చూడండి, తుప్పు ఎక్కువగా పట్టేది అక్కడే. కాంక్రీటు మీద గోధుమరంగు చారలు కనిపిస్తే లోపల ఇనుము ఉబ్బడం మొదలైందన్నమాట.

మన కోస్తాలో అయితే అక్టోబరు తుఫానుల్లోపు ఈ పని ముగించాలి. సగంలో వదిలేసి కోర్ బయటపడి ఉన్న గట్టుకి పెద్ద తుఫాను అక్కర్లేదు, ఒక్క వాయుగుండం చాలు.