జవాబు తెలిసిన ప్రశ్నే అడగండి

శ్రోతలకు నమస్కారం.

"ఇన్ని ఏఐ చాట్‌బాట్‌లు వచ్చాయి కదా, వీటిలో ఏది మంచిది?" ఈ మధ్య ఎవరిని కదిపినా ఇదే ప్రశ్న. చాట్‌బాట్ అంటే మనం అడిగినదానికి మనిషిలా మాటల్లో జవాబిచ్చే కంప్యూటర్ ప్రోగ్రాం. 2022 నవంబరు 30న ఓపెన్‌ఏఐ సంస్థ చాట్‌జీపీటీని జనం ముందు పెట్టింది. మరుసటి ఏడాదే ఆంత్రోపిక్ వారి క్లాడ్, గూగుల్ వారి బార్డ్ వచ్చాయి. ఆ బార్డే 2024లో జెమినైగా పేరు మార్చుకుంది. మైక్రోసాఫ్ట్ కోపైలట్, మెటా ఏఐ, పర్‌ప్లెక్సిటీ, చైనా నుంచి డీప్‌సీక్... పేర్లు గుర్తుపెట్టుకోవడమే ఒక పనైంది.

ఫలానాది మంచిదని నేను ఈ రోజు చెప్పను. చెప్పినా ఆ మాట ఎక్కువ కాలం నిలవదు. ఈ సంస్థలు కొన్ని నెలలకొకసారి లోపలి మోడల్‌ను, అంటే జవాబులు తయారుచేసే అసలు యంత్రాంగాన్ని, మార్చేస్తుంటాయి. పైన పేరు అదే ఉంటుంది, పనితీరు మారిపోతుంది. అందుకే మీ పనులకు ఏది సరిపోతుందో మీరే తేల్చుకునే దారి ఒకటి చెబుతాను.

మనలో చాలామంది కొత్త చాట్‌బాట్‌ను మనకు తెలియని విషయాలు అడిగి పరీక్షిస్తాం. అది గడగడా నాలుగు పేరాల జవాబు ఇస్తుంది. చదివి ముచ్చటపడతాం. అందులో ఎంత నిజం ఉందో తేల్చుకునే ఆధారం మాత్రం మన దగ్గర ఉండదు. ఈ పద్ధతిని తిరగేయండి. జవాబు మీకు ముందే క్షుణ్ణంగా తెలిసిన ప్రశ్న అడగండి. మీ వృత్తికి సంబంధించినదైతే మరీ మంచిది. ఉపాధ్యాయులైతే రోజూ చెప్పే పాఠం గురించి అడగండి, కుట్టుపని చేసేవారైతే కొలతల గురించి అడగండి.

ఉదాహరణకు ఒక ఆరోగ్య బీమా పత్రం తీసుకుందాం. దాన్ని మీరు మొదటి నుంచి చివరి దాకా చదివారు. పాలసీ తీసుకునే నాటికే ఉన్న జబ్బులకు తొలి మూడేళ్లు పరిహారం రాదని ఎక్కడో తొమ్మిదో పేజీలో చిన్న అక్షరాల్లో ఉంది. పేరు, పాలసీ నంబరు తీసేసి ఆ పత్రాన్ని రెండు చాట్‌బాట్‌లకు ఇవ్వండి. "నాకు ముందునుంచే ఉన్న జబ్బుకు ఆసుపత్రి ఖర్చు వస్తుందా?" అని రెండింటినీ ఒకే మాటల్లో అడగండి. ఒకటి, ఆసుపత్రి ఖర్చులన్నీ వస్తాయని ఎంతో ధీమాగా, అందంగా చెప్పవచ్చు. రెండోది, వస్తాయి గాని తొమ్మిదో పేజీలో ఈ షరతు ఉంది, మీరు పాలసీ ఎప్పుడు తీసుకున్నారు అని తిరిగి అడగవచ్చు. అప్పుడు ఇంకో ప్రశ్న వేయండి: "ఈ సంగతి పత్రంలో ఏ వాక్యంలో ఉందో ఉన్నదున్నట్టు చూపించు." చూపించిన వాక్యం నిజంగా ఆ పత్రంలో ఉందో లేదో మీ కళ్లతో సరిచూడండి. లేని వాక్యాన్ని కల్పించి చూపిన చాట్‌బాట్‌కు ఇలాంటి పనులు అప్పగించవద్దు.

ఇక్కడ మనం సులభంగా బోల్తాపడే చోటు ఒకటుంది. అమెరికాలో బర్క్‌లీ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2023లో చాట్‌బాట్ అరీనా అనే వేదిక మొదలుపెట్టారు. ఒకే ప్రశ్నకు రెండు చాట్‌బాట్‌ల జవాబులను పేర్లు దాచి పక్కపక్కన చూపిస్తారు. ఏది బాగుందో జనం ఓటు వేస్తారు, పేర్లు ఆ తర్వాతే తెలుస్తాయి. జవాబు పొడుగ్గా ఉంటే, శీర్షికలు, మందపు అక్షరాలు, చుక్కల జాబితాలు ఉంటే జనం అటు మొగ్గుతున్నారని వారు గమనించారు. ఆ ప్రభావాన్ని లెక్కలోంచి తీసేసి ర్యాంకులు చూపడం 2024లో మొదలుపెట్టారు. అంతమంది కళ్లను మెప్పించిన అలంకారం మనల్నీ మెప్పిస్తుంది. కాబట్టి రెండు జవాబులనూ పక్కన పెట్టుకుని, "ఇందులో నేను అడిగినదానికి నేరుగా సమాధానం చెప్పిన వాక్యం ఏది?" అని వెతకండి. ఆ ఒక్క వాక్యాన్నే పోల్చండి.

ఇంకో పరీక్ష కూడా చేయాలి, నా దృష్టిలో ఇదే అన్నిటికన్నా ముఖ్యం. చాట్‌బాట్ సరైన జవాబు చెప్పిన తర్వాత కావాలనే ఎదురు చెప్పండి. "కాదేమో, నేను విన్నది వేరు" అనండి. వెంటనే క్షమాపణ చెప్పి, మీరు అన్నదే నిజమని మాట మార్చేసిందా? అయితే జాగ్రత్త. మీరు తప్పుదారిలో ఉన్నప్పుడు కూడా అది తల ఊపుతూ మీ వెంటే నడుస్తుంది. ఈ గుణం ఎలా వచ్చిందంటే, వీటికి శిక్షణ ఇచ్చేటప్పుడు మనుషులు ఏ జవాబును ఇష్టపడ్డారో కూడా చూస్తారు. మన మాటను సమర్థించే జవాబు మనకు సహజంగానే నచ్చుతుంది. 2025 ఏప్రిల్‌లో ఓపెన్‌ఏఐ, అప్పట్లో చాట్‌జీపీటీని నడిపిన తన జీపీటీ-4ఓ మోడల్‌కు చేసిన ఒక మార్పును వెనక్కి తీసుకుంది, కారణం అది వాడేవారిని మరీ పొగడటం, ప్రతిదానికీ సరేననడం. తప్పును తప్పని మర్యాదగా చెప్పి నిలబడగలిగే చాట్‌బాట్ మీకు దొరికితే, మిగతా లోపాలు కొన్ని ఉన్నా దాన్నే ఎంచుకోండి.

ఆరోగ్యం విషయంలో నా ఆందోళన మరీ ఎక్కువ. "తల తిరుగుతోంది, ఏ మందు వేసుకోవాలి?" అని అడిగి చూడండి. వయసు ఎంత, ఇప్పటికే వాడుతున్న మందులు ఏమిటి, ఎప్పటినుంచి ఇలా ఉంది అని తిరిగి ప్రశ్నించేది బాధ్యత తెలిసినది. ఏమీ అడగకుండా మందు పేరు చెప్పేసే దాన్ని దయచేసి ఇంట్లో పెద్దవాళ్ల ఫోనులో పెట్టకండి.

ఇవి తప్పులు ఎందుకు చెబుతాయన్నది కూడా తెలిసి ఉండాలి. చాట్‌బాట్ మాటను ముక్కముక్కగా అల్లుకుంటూ పోతుంది, ఇంతవరకు వచ్చినదాని తర్వాత ఏది వచ్చే అవకాశం ఎక్కువో చూసి దాన్ని చేరుస్తుంది. నిజం చెబుతున్నా, కల్పించి చెబుతున్నా వాక్యం ఒకే ధాటిగా వస్తుంది. 2023లో న్యూయార్క్ కోర్టులో ఇద్దరు న్యాయవాదులు చాట్‌జీపీటీ ఇచ్చిన పాత తీర్పులను ఉదహరించారు. ఆ తీర్పులు అసలు లేనేలేవు. వారికీ, వారి సంస్థకూ కలిపి న్యాయమూర్తి 5,000 డాలర్ల జరిమానా విధించారు. ఆ తీర్పులు నిజమైనవేనా అని వారిలో ఒకరు ముందే అడిగారు కూడా. అయితే అడిగింది మళ్లీ ఆ చాట్‌జీపీటీనే. నిజమైనవేనని అది చెప్పింది. అందుకే సరిచూసుకోవడం ఎప్పుడూ బయట జరగాలి. తాజా సమాచారం కావాలంటే ఇంటర్‌నెట్‌లో వెతికి, ఎక్కడినుంచి తెచ్చిందో లింకులు ఇచ్చే చాట్‌బాట్‌ను ఎంచుకోండి. ఆ లింకును తెరిచి చదవండి. లింకు ఉన్నంత మాత్రాన ఆ పేజీలో అదే మాట ఉంటుందని లేదు.

మీరు తెలుగులో వాడబోతుంటే తెలుగులోనే పరీక్షించండి. ఇంగ్లీషులో చురుగ్గా ఉన్నది తెలుగులో తడబడవచ్చు. ఇవి తెలుగు మాటను ఇంగ్లీషు మాట కన్నా ఎక్కువ ముక్కలు చేసి చదువుతాయి కాబట్టి, పొడవైన పత్రాలు ఇచ్చినప్పుడు, ఒకసారికి అవి చదవగలిగే పరిమితి కూడా త్వరగా నిండిపోతుంది.

ఇక మన సమాచారం మాట. 2023లో శాంసంగ్ ఉద్యోగులు కొందరు సంస్థ లోపలి ప్రోగ్రాం కోడ్‌ను చాట్‌జీపీటీలో పెట్టారు. సంగతి తెలిశాక ఆ సంస్థ తన కంప్యూటర్లలో ఇలాంటి సాధనాల వాడకాన్నే ఆపేసింది. మనం రాసేది ఎక్కడికి వెళుతుందన్న ప్రశ్న మామూలు మనుషులకూ వర్తిస్తుంది. పెద్ద చాట్‌బాట్‌లు చాలావాటి సెట్టింగులలో, మీ సంభాషణలను శిక్షణకు వాడవద్దని చెప్పే మీట ఉంటుంది. దాన్ని మొదటి రోజే వెతకండి. కొన్ని సంభాషణలను మనుషులు చదివి పరిశీలిస్తారని, రహస్యంగా ఉంచాల్సినవి రాయవద్దని గూగుల్ తన జెమినై వాడేవారికి స్వయంగా చెబుతోంది. బ్యాంకు వివరాలు, పాస్‌వర్డులు ఎలాగూ పెట్టకూడదు. నేను ఇంకో మాట కూడా అంటాను: స్నేహితురాలి కష్టాన్ని, పొరుగువారి వైద్య పరీక్షల కాగితాన్ని వాళ్లను అడగకుండా అందులో పెట్టే హక్కు మనకు లేదు.

డబ్బు కట్టాలా అని అడిగేవారికి నా సలహా, మొదట ఉచితంగానే వాడండి. ఉచితంగా ఇచ్చేవాటికి పరిమితి ఉంటుంది. అది దాటాక కొన్ని చాట్‌బాట్‌లు చిన్న మోడల్‌కు మారిపోతాయి, పొద్దున బాగా పలికినది సాయంత్రానికి పేలవంగా అనిపించడానికి ఒక్కోసారి ఇదే కారణం. అందుకని ఒకదాని ఉచిత రూపాన్ని మరోదాని చందా రూపంతో పోల్చకండి. ఆ పరిమితి రోజూ మీ పనికి అడ్డొస్తుంటేనే చందా గురించి ఆలోచించండి, అదీ ముందు ఒక్క నెలకు.

రెండు చాట్‌బాట్‌లు చాలు. ఒకటి పనికి, మరొకటి దాని మాటను ప్రశ్నించడానికి. మిగతావాటిని తీసేయాలనుకుంటే ఫోనులోంచి యాప్‌ను చెరిపేస్తే సరిపోదు. ముందుగా మీ ఖాతాలోకి వెళ్లి, కావలసిన సంభాషణలను దింపుకోండి. మీరు ఎక్కించిన పత్రాలను, మీ గురించి అది గుర్తుపెట్టుకున్న విషయాలను తుడిచేయండి. చివరగా ఖాతాను మూసేయండి.

నమస్కారం.