కుందేళ్లు, కప్పలు, మా పెదనాన్న మాత్ర

శ్రోతలకు నమస్కారం. జంతువుల మీద ప్రయోగాలు అవసరమా అన్న దాని గురించి నాకు తెలిసిన రెండు ముక్కలు చెప్తాను. మాది అమలాపురం దగ్గర ఒక లంక ఊరు. మా పెదనాన్నకి పార్కిన్సన్స్ ఉంది. అందరూ వణుకు జబ్బు అంటారు గానీ ఆయనకి వణుకు కంటే బిగుసుకుపోవడమే ఎక్కువ, పొద్దున్నే మంచం మీంచి లేపాలంటే ఇద్దరం పట్టాలి. లెవోడోపా మాత్ర పడ్డ కాసేపటికి మాత్రం తనే లేచి కొబ్బరితోట దాకా నడిచివెళ్లి, దింపు ఎలా తీస్తున్నారో చూసి, నాలుగు కేకలేసి మరీ వస్తారు.

ఈ మాత్ర వెనక కుందేళ్లున్నాయండి. సర్పగంధి వేరు మన నాటువైద్యంలో ఉన్నదే. అందులోంచి తీసిన రిసర్పిన్ అనే మందుని 1950ల్లో బీపీకి, మానసిక జబ్బులకి వాడేవారు. స్వీడన్‌లో ఆర్విడ్ కార్ల్‌సన్ బృందం దాన్ని కుందేళ్లకి ఇస్తే అవి చెవులు వేలాడేసి, కదలకుండా కూలబడిపోయాయి. తర్వాత లెవోడోపా ఎక్కించారు. కాసేపటికే చెవులు నిక్కబొడుచుకుని లేచి తిరిగాయి! ఇది 1957 సంగతి. ఒళ్లు కదలడానికి మెదడుకి కావాల్సిన డోపమైన్ అనే రసాయనాన్ని రిసర్పిన్ ఖాళీ చేస్తోందనీ, లెవోడోపా లోపలికెళ్లి డోపమైన్‌గా మారి ఆ లోటు పూడుస్తోందనీ తేలాక, అదే డోపమైన్ తక్కువైన పార్కిన్సన్స్ రోగులకి 1961 నాటికి వియన్నాలో ఇచ్చి చూశారు. కార్ల్‌సన్‌కి 2000లో నోబెల్ వచ్చింది. గాజు గిన్నెలో పెంచిన కణం బిగుసుకుపోదు, లేచి నడవదు, అందుకే అక్కడ కుందేలు కావాల్సొచ్చింది.

అలాగని జంతువుల మీద చేసే ప్రయోగాలన్నీ ఇలా అవసరమైనవే అని నేననను. ఇంటర్‌లో మేమూ కప్పలు కోశాం, తొలకరికి వరిచేలల్లో బెకబెకలాడేవాటిని సంచిలో వేసుకొచ్చేవారు. ఆ రోజు నేను నేర్చుకున్నదల్లా పుస్తకంలో బొమ్మ సరిగ్గానే వేశారని! 1960 నాటి మన జంతుహింస నివారణ చట్టంలోనే ఉంది, పుస్తకాలతో, నమూనాలతో పని జరిగే చోట జంతువుల జోలికి వెళ్లకుండా చూడాలని, నొప్పి కలిగే ప్రయోగమైతే మత్తు ఇవ్వాలని. మాకెవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

మొన్న ఈ కుందేళ్ల కథంతా పెదనాన్నకి చెప్పాను. విని, "ఆ తర్వాత అవేమయ్యాయిరా?" అన్నారు. మెదడులో డోపమైన్ ఎంతుందో కొలవాలంటే అప్పట్లో చంపాల్సిందే పెదనాన్నా అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. ఆనక, మధ్యాహ్నం మాత్రకి టైమయింది, మంచినీళ్లు పట్రా అన్నారు.