కొత్త సింగిల్‌కి తొలి తీర్పు
(విజయవాడలో సంగీతాభిమానుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

పుస్తకాల మీద, సినిమాల మీద సభలు పెట్టుకోవడం బెజవాడకి కొత్త కాదు. ఇంగ్లీషు రాక్ బ్యాండ్ల సింగిల్స్ మీద మాట్లాడమని పిలవడం మాత్రం కాస్త కొత్తే. ఫోన్ చేసినప్పుడు "ఎవరొస్తారండీ దీనికి?" అన్నాను. బాగానే వచ్చారు. ముందు వరసల్లో గిటార్ వాయించే కుర్రాళ్లు కనిపిస్తున్నారు, వెనక వరసల్లో రేడియో లలిత సంగీతం వింటూ పెరిగిన పెద్దలున్నారు. ఇద్దరికీ సరిపోయేలా మాట్లాడటం కష్టమే, చూద్దాం.

సింగిల్ అంటే మీకు చెప్పక్కర్లేదు. ఇప్పుడు ప్రతి సినిమాకీ 'ఫస్ట్ సింగిల్' పోస్టర్ వేస్తున్నారు. బ్యాండ్లకీ అంతే, ఆల్బమ్ కంటే ముందు విడిగా వదిలే ఒక పాట. ఇండీ రాక్ అనేది పెద్ద కంపెనీల అండ లేకుండా చిన్న చిన్న లేబుళ్ల మీద, అంటే చిన్న రికార్డు సంస్థల ద్వారా, రికార్డులు వేసుకున్న బ్యాండ్లతో మొదలైంది. బ్రిటన్‌లో 1980 నుంచి అలాంటి రికార్డులకి విడిగా ఒక చార్టే, అంటే అమ్మకాల వరస పట్టికే, నడిచింది. పోనుపోను ఆ గీత చెరిగిపోయి, పెద్ద కంపెనీల్లో ఉన్న బ్యాండ్లని కూడా అదే గాటన కట్టేశారు. నేనివాళ ఎక్కువగా చెప్పబోయే రేడియోహెడ్ అలాంటి బ్యాండే. వాళ్ల రికార్డులు వేసింది ఈఎంఐ అనే పెద్ద కంపెనీ వారి పార్లోఫోన్ లేబుల్.

ఇక అసలు విషయం. కొత్త సింగిల్ వచ్చిన మొదటి వారంలో రాసే రివ్యూల్లో పాట తక్కువ ఉంటుంది, రాసినవాళ్లు ముందే పెట్టుకున్న అంచనా ఎక్కువ ఉంటుంది. ఎందుకు అంటున్నానో చెప్తాను.

1992 సెప్టెంబర్‌లో రేడియోహెడ్ 'క్రీప్' అనే సింగిల్ వదిలింది. ఆ పాట పుట్టుకే తమాషాగా ఉంటుంది. స్టూడియోలో వేరే పాటల రికార్డింగ్ జరుగుతుంటే మధ్యలో దీన్ని వాయించారు. ఇది మా స్కాట్ వాకర్ పాట అని గాయకుడు థామ్ యార్క్ అన్న మాట విని, ప్రొడ్యూసర్లిద్దరూ, అంటే రికార్డింగ్ నడిపించేవాళ్లు, అది నిజంగానే స్కాట్ వాకర్ అనే పాతతరం గాయకుడి పాట అనుకున్నారు. పాట బాగుంది గానీ పాపం వీళ్లది కాదే అని బాధపడ్డారట. సొంత పాటేనని తెలిశాక రికార్డు చేశారు. సింగిల్‌గా విడుదలైతే దాదాపు 6,000 కాపీలు అమ్ముడుపోయాయి. బ్రిటన్ చార్టులో 78వ స్థానం దగ్గరే ఆగింది. మరీ దిగులుగా ఉందని బీబీసీ రేడియో 1 పెద్దగా వేయలేదు. అక్కడితో ఆ పాట కథ అయిపోయిందనే అందరూ అనుకున్నారు.

కథని పక్కన పెట్టి కాసేపు పాటలోకి వెళ్దాం. ఇది వెనక వరసల కోసం. పాట మొత్తం నాలుగే కార్డ్స్ (ఒకేసారి మోగించే స్వరాల గుంపులు) మీద తిరుగుతుంది: జి, బి, సి, సి మైనర్. మొదలు నుంచి చివరిదాకా అవే. జి ని మన షడ్జం అనుకోండి. మొదటి కార్డ్‌లో పంచమం ఉంది. రెండోదానికి వచ్చేసరికి ఆ పంచమం శుద్ధ ధైవతానికి జరుగుతుంది. మూడోదానిలో చతుశ్శ్రుతి ధైవతం. నాలుగోదానిలో మళ్లీ శుద్ధ ధైవతం, అక్కణ్ణుంచి మొదటి కార్డ్‌కి, అంటే పంచమానికి. ఒక్కో మెట్టూ ఎక్కి, ఒక్కో మెట్టూ దిగి బయల్దేరిన చోటికే చేరడం. ఎక్కేటప్పుడు ఆశ, దిగేటప్పుడు అది జారిపోవడం, ప్రతి చుట్టులోనూ ఇదే. భైరవి రాగం పాడేవాళ్లకి రెండు ధైవతాలతో ఆడుకోవడం కొత్తేం కాదు. ఇది భైరవి అని అనడం లేదు, కంగారు పడకండి. 'ఎందుకో దిగులుగా ఉంది' అని రేడియోవాళ్లన్న ఆ దిగులు ఎక్కణ్ణుంచి వస్తోందో చెవి పెడితే దొరుకుతుంది, అంతే నేను చెప్పేది.

రెండో సంగతి ముందు వరసల కోసం. చరణమంతా మెత్తగా సాగుతుంది. కోరస్‌కి, అంటే మళ్లీ మళ్లీ వచ్చే భాగానికి, సరిగ్గా ముందు గిటార్ మీద రెండు మూడు దెబ్బలు పడతాయి. అవి స్వరాలు కావు. తీగల్ని చేత్తో నొక్కిపట్టి, శబ్దం గరగరలాడేలా డిస్టార్షన్ పెట్టి 'ఠక్, ఠక్' మని కొట్టిన దెబ్బలు. అవి కొట్టిన గిటారిస్టు జానీ గ్రీన్‌వుడ్‌కి పాట ఇంత మెత్తగా ఉండటం నచ్చలేదు. దాన్ని పాడుచేద్దామనే అలా కొట్టాడని అదే బ్యాండ్‌లోని మరో గిటారిస్టు ఎడ్ ఓబ్రయన్ చెప్పాడు. పాడుచేయడానికి కొట్టిన ఆ దెబ్బే పాటకి ప్రాణమైంది. నా మటుకు నాకు, సంగీతం గురించి రాసేవాళ్లు ఇలాంటివి పట్టుకోవాలి. పట్టుకుంటే స్టార్స్ ఎన్ని ఇచ్చినా ఒకటే, ఇవ్వకపోయినా ఒకటే.

తర్వాతేమైందంటే, ఇజ్రాయెల్‌లో యోవ్ కుట్నర్ అనే డీజే ఆ పాటని పదేపదే వేశాడు. అక్కడ హిట్ అయింది. అమెరికాలో శాన్ ఫ్రాన్సిస్కో రేడియో అందుకుంది, అక్కడి పాటల చార్టు బిల్‌బోర్డ్ హాట్ 100లో 34వ స్థానందాకా వెళ్లింది. 1993 సెప్టెంబర్‌లో బ్రిటన్‌లోనే మళ్లీ విడుదల చేస్తే 7వ స్థానానికి వచ్చింది. 78 ఎక్కడ, 7 ఎక్కడ! స్వరాలు అవే, దెబ్బలూ అవే. ఏడాదిలో మారింది వినేవాళ్ల చెవి.

అలాగని విమర్శకులు ఎప్పుడూ పొరబడతారనీ, కాలమే న్యాయం చేస్తుందనీ అనను. అది ఓడిపోయిన ప్రతి బ్యాండూ చెప్పుకునే ఓదార్పు. చార్టుల అడుగున పడి పోయిన సింగిల్స్‌లో చాలావాటికి ఆ చోటే తగినది. కుర్రాళ్లు నవ్వుతున్నారు గానీ నిజమే చెప్తున్నాను.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఇంకో ఉదాహరణ. అమెరికాలో 1996లో మొదలైన పిచ్‌ఫోర్క్ అనే సంగీత పత్రిక ఉంది, ఇంటర్నెట్‌లోనే వస్తుంది. వాళ్లు సున్నా నుంచి పదిదాకా, దశాంశాలతో సహా మార్కులు వేస్తారు. మన శుక్రవారం సినిమా రివ్యూల్లో 2.75 చూసి ఆ పావు ఎక్కడ తగ్గిందా అని నవ్వుకునేవాళ్లకి ఇది వింతగా ఉండదు. ఫ్లోరిడా నుంచి బ్లాక్ కిడ్స్ అనే బ్యాండ్ 2007లో నాలుగు పాటల చిన్న రికార్డు చేసింది. పిచ్‌ఫోర్క్ 8.4 ఇచ్చింది. ఇంకేముంది, రాత్రికి రాత్రి పేరొచ్చేసింది. మరుసటి ఏడాది ఆ నాలుగు పాటల్నీ మళ్లీ రికార్డు చేసి, ఇంకొన్ని కలిపి ఆల్బమ్ తెచ్చారు. ఈసారి 3.3. రివ్యూ అంటూ ఏమీ లేదు, రెండు కుక్కపిల్లల బొమ్మ, కింద సారీ అని ఒక ముక్క. అంతే.

కొత్త ఆల్బమ్‌కి పేరున్న ప్రొడ్యూసర్ బెర్నార్డ్ బట్లర్ పనిచేశాడు, శబ్దం నున్నగా తయారైంది, మొదటి రికార్డులోని మొరటుతనం పోయింది అని వాదించొచ్చు. వాదన బలమైనదే. అది రాయాలి కదా! మొదట 8.4 ఇచ్చినప్పుడు మేం దేన్ని చూసి మురిసిపోయాం, ఇప్పుడు ఏది పోయింది, ఈ రెండూ చెప్తే చదివేవాడికి ఏదైనా తెలిసేది. ఆ 'సారీ' ఎవరికి చెప్పారు? బ్యాండ్‌కా, చదివేవాళ్లకా, తమకి తామేనా? నాకైతే చివరిదే అనిపిస్తుంది.

రేడియోహెడ్ కూడా ఈ అంచనాల బరువు మోసింది. క్రీప్ ఒక్కటి వినడానికే వచ్చే జనంతో విసిగిపోయి, ఆ విసుగు మీదే 1994లో 'మై ఐరన్ లంగ్' అనే పాట కట్టారు. 1997లో ఆరు నిమిషాలు దాటిన 'పారనాయిడ్ ఆండ్రాయిడ్'ని సింగిల్‌గా వదిలితే బ్రిటన్‌లో 3వ స్థానం వచ్చింది. 2000లో 'కిడ్ ఎ' ఆల్బమ్‌కి వచ్చేసరికి అసలు సింగిలే వదల్లేదు. ఆ ఆల్బమ్‌కి పిచ్‌ఫోర్క్ పదికి పది ఇచ్చింది, లండన్ వారపత్రిక మెలొడీ మేకర్ ఐదుకి ఒకటిన్నర ఇచ్చింది. తర్వాత ఆ దశాబ్దపు మేటి ఆల్బమ్ అని రోలింగ్ స్టోన్ దాన్నే ఎంచింది. గిటార్లు వాయించే బ్యాండ్ గిటార్లు పక్కన పెట్టిందని ఒకరికి కోపం, అదే కారణానికి ఇంకొకరికి ఆనందం.

ఇక మన ఊరి సంగతి. సినిమా పాట కాని పాటకి ఇక్కడ శ్రోతలు లేరని కొందరంటారు. నేను ఒప్పుకోను. 1948 డిసెంబర్ 1న విజయవాడ రేడియో కేంద్రం మొదలైంది. బాలాంత్రపు రజనీకాంతరావు గారు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు పనిచేసిన కేంద్రం అది. భక్తిరంజని కోసం పొద్దున్నే రేడియో పెట్టుకున్న ఇళ్లు కృష్ణా గుంటూరు జిల్లాల్లో కోకొల్లలు. వాళ్లు విన్నవన్నీ సినిమా పాటలా? వినడం మనకి అలవాటే. రాయడమే అలవాటు కాలేదు. చౌరస్తా బ్యాండ్‌లో పాడిన రామ్ మిరియాలనే తీసుకోండి. బ్యాండ్‌లో ఉండగా ఆయన పాటల మీద తెలుగులో నేను చదివింది అతి తక్కువ. 2021లో 'జాతిరత్నాలు'లో చిట్టి పాట పాడాక, 2022లో 'డీజే టిల్లు' టైటిల్ పాట చేశాక చదివింది బోలెడు. గొంతు అదే కదండీ!

పైగా మనకి ఇంకో చిక్కుంది. లండన్‌లో విమర్శకుడి నోటి దురుసుతో బాధ. ఇక్కడ మొహమాటంతో బాధ. గుంటూరులో నలుగురు కుర్రాళ్లు కలిసి పాట వదిలితే అందులో బేస్ గిటార్ వాయించేవాడు మనకి తెలిసినవాడై ఉంటాడు, కాకపోతే వాళ్ల బాబాయి మనతో పనిచేసినవాడై ఉంటాడు. ఇంక ఏం రాస్తాం? "చక్కటి ప్రయత్నం, యువత ముందుకు రావాలి, సాహిత్యం అర్థవంతంగా ఉంది." లేదంటే 'గూస్‌బంప్స్' అని ఒక ముక్క, మూడు మంట బొమ్మలు. ఆ కుర్రాళ్లకి దీనివల్ల వీసమెత్తు ఉపయోగం లేదు. రెండో పాట కూడా అవే పొరపాట్లతో వస్తుంది. దానికీ మళ్లీ మంట బొమ్మలే పెడతాం.

రాక్ పాట వినగానే మనవాళ్లు మొదట అనే మాట, "మాటలు వినపడట్లేదు" అని. ఈ ఫిర్యాదుని తేలిగ్గా తీసుకోకూడదు. గొంతుని కావాలనే గిటార్ల వెనక్కి తోసే పద్ధతి ఒకటుంది, అక్కడ గొంతు కూడా ఒక వాయిద్యమే. గొంతునీ వాయిద్యాలనీ సరిపాళ్లలో కలిపే మిక్సింగ్ సరిగ్గా చేతకాక గొంతు మునిగిపోవడం వేరు. ఇయర్‌ఫోన్స్‌లో స్పష్టంగా ఉండి కారు స్పీకర్లలో మాయమైపోతే అది రెండో రకమే కావొచ్చు. రివ్యూ రాసేవాళ్లు ఈ రెండింట్లో ఏదో తేల్చి చెప్పాలి. అలా చెప్పాలంటే రెండు మూడు చోట్ల వినాలి, అదీ పాట వచ్చిన గంటలో కాదు. అందరికంటే ముందు రాయాలన్న టెన్షన్ దేనికో నాకు అర్థం కాదు. సింగిల్ ఎక్కడికీ పారిపోదు కదా.

ముందు వరసల్లో బ్యాండ్ వాళ్లున్నారు కాబట్టి ఒకటి అడుగుతాను. పాట లింక్ పంపేటప్పుడు "ఎలా ఉంది అంకుల్?" అని అడక్కండి. అలా అడిగితే బాగుందనే చెప్తారు. "రెండో చరణం సాగినట్టుందా? డ్రమ్స్ ఎక్కడైనా మీద పడుతున్నాయా?" అని అడగండి. అప్పుడు ఎంత మొహమాటస్తుడైనా ఏదో ఒక నిజం చెప్పక తప్పదు.

స్పీకర్ సిద్ధంగా ఉందంటున్నారు. క్రీప్ నాలుగు నిమిషాల లోపే ఉంటుంది. అసలు పాటలో ఒక బూతు మాటుంది. రేడియో కోసం దాని బదులు మర్యాదైన మాట పెట్టి పాడిన వెర్షన్ వేరే ఉంది, పెద్దలున్నారు కాబట్టి అదే పెట్టమన్నాను. ధైవతాల కోసం వెనక వరసలూ, గిటార్ దెబ్బల కోసం ముందు వరసలూ చెవి పెట్టండి. పాట అయ్యాక ముందు నచ్చనివాళ్లు మాట్లాడండి.