నీళ్లు నిలిచిన చేలో పత్తి ఎందుకు వాడుతుంది? – ఫోన్-ఇన్

యాంకర్: నమస్కారం. మొక్కల ఆహార తయారీ, శ్వాసక్రియ మీద సందేహాలకు శాస్త్రవేత్త గారు జవాబిస్తారు. వైరా నుంచి కాల్, చెప్పండి.

రైతు: నమస్తే సార్. మాది నల్లరేగడి, మూడెకరాల పత్తి, అరవై రోజుల పైరు. మొన్న వాన దంచింది సార్. పక్కాయన గట్టు తెంపలేదు, ఆ నీళ్లన్నీ మా చేలోకే...

శాస్త్రవేత్త: ఎన్నాళ్లు నిలిచాయి?

రైతు: మూడు రోజులు. సాళ్లలో ఇంకా ఉన్నయి. ఆకులు వేలాడుతున్నయి, కిందివి పసుపు రంగుకు తిరిగినయి. నీళ్లలో ఉండి వాడుడేంది సార్? షాపాయన యూరియా చల్లమన్నడు, బస్తాలు తెచ్చిన.

శాస్త్రవేత్త: బురదలో యూరియా చల్లకండి. ఆకు ఎండలో తయారుచేసిన చక్కెర వేరుకు దిగుతుంది. వేరు దాన్ని ఆక్సిజన్‌తో వాడుకుంటేనే శక్తి వస్తుంది. గాలి ఉంటే ఒక గ్లూకోజు అణువుకు సుమారు 30 ఏటీపీలు, అంటే కణం వాడుకునే శక్తి అణువులు, వస్తాయి; గాలి లేకపోతే రెండే. మట్టి సందుల్లో నీళ్లు నిండాయి, వేరుకు ఊపిరాడట్లేదు. నీళ్లు పీల్చలేదు, ఎరువూ తీసుకోలేదు. ఆకేమో నీరందక రంధ్రాలు మూసుకుంటుంది. అప్పుడు కార్బన్ డయాక్సైడ్ లోపలికి పోదు, ఆహార తయారీ కూడా తగ్గిపోతుంది.

రైతు: మరి వరి నీళ్లలోనే ఉంటది గదా సార్?

శాస్త్రవేత్త: మంచి ప్రశ్న. వరి కాండంలో, వేళ్లలో గాలి గొట్టాలుంటాయి, ఆకుల నుంచి ఆక్సిజన్ వేళ్లదాకా దిగుతుంది. పత్తికి అవి లేవు.

రైతు: అట్లనా. అయితే యూరియా...

శాస్త్రవేత్త: వద్దన్నాను కదయ్యా! బురదలో వేస్తే నత్రజని గాలిలో కలిసిపోతుంది, డబ్బు దండగ. ముందు కాలవలు తీసి నీళ్లు బయటికి పంపండి. లీటరు నీటికి 10 గ్రాముల 13-0-45, అంటే పొటాషియం నైట్రేట్ ఎరువు, కలిపి ఆకుల మీద పిచికారీ చేయండి, ఆకు నేరుగా తీసుకుంటుంది. వారం తర్వాత ఇంకోసారి. వడలిన మొక్కల మొదళ్లలో శిలీంద్రనాశిని కాపర్ ఆక్సీక్లోరైడ్, లీటరు నీటికి 3 గ్రాములు కలిపి, తడిసేలా పోయండి. అదను రాగానే గుంటక తోలితే మట్టిలోకి గాలి పోతుంది. యూరియా ఆ తర్వాతే: ఎకరాకు 30 కిలోలు, పొటాష్ 10 కిలోలు, మొదలుకు కాస్త ఎడంగా.

రైతు: సరే సార్. బస్తాలు దాచిపెడ్త.

యాంకర్: ధన్యవాదాలు. తెనాలి నుంచి.

శ్రోత: సార్, పడకగదిలో మొక్కలుంటే రాత్రి మనకి ఆక్సిజన్ తగ్గుతుందంటారు...

శాస్త్రవేత్త: మొక్క పగలూ రాత్రీ శ్వాసిస్తూనే ఉంటుందమ్మా. కానీ కుండీల మొక్క వాడుకునే ఆక్సిజన్, పక్కన పడుకున్న మనిషి వాడుకునే దాంట్లో చాలా కొంచెం. భయం లేదు.

యాంకర్: జగిత్యాల, త్వరగా చెప్పండి.

రైతు: తడి వడ్లు కుప్పపోసినం, లోపల వేడెక్కింది సార్.

శాస్త్రవేత్త: కుప్ప మీద కప్పిన పట్టా ఉంటే తీసేయండి! గింజ బతికే ఉంది, శ్వాసిస్తోంది. శ్వాసలో వేడీ, నీళ్లూ రెండూ పుడతాయి, ఆ తడికి శ్వాస ఇంకా పెరుగుతుంది, బూజు పడుతుంది. ఇప్పుడే రెండంగుళాల మందాన పరిచి తిరగేస్తూ ఆరబెట్టండి. నిల్వకు తేమ 14 శాతం దాటకూడదు. వేడెక్కిన వడ్లను విత్తనానికి ఉంచకండి, మొలక దెబ్బతింటుంది.

యాంకర్: సమయం అయిపోయింది, ధన్యవాదాలు సార్.